బ్యాంకు మీద కేసు వేయాలంటే ముంబైకే పోవాలా? అగ్రిమెంట్‌లో అట్లనే ఉందంటున్నారు

కరీంనగర్_శ్రీను:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్. నేను, మా బాపు జాయింట్‌గా మియాపూర్‌లో ఫ్లాట్ కోసం ఓ ప్రైవేట్ బ్యాంకులో హోం లోన్ తీసుకున్నాం, అమీర్‌పేట్ బ్రాంచి, బ్యాంకు పేరు ఇక్కడ వద్దులెండి. తర్వాత నాకు కరీంనగర్‌లో ఉద్యోగం వచ్చి ఫ్యామిలీతో ఇక్కడికి వచ్చేశాను. ఊళ్ళో కొంచెం భూమి అమ్మితే వచ్చిన పైసలతో దసరా ముందు లోన్ మొత్తం కట్టేసి క్లోజ్ చేశాం, నో డ్యూస్ లెటర్ కూడా ఇచ్చారు, అంతా బాగానే ఉంది అనుకున్నాం. కానీ ఒరిజినల్ సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు మాత్రం సంక్రాంతి దాటినా చేతికి రాలేదు. అడిగితే "సెంట్రల్ స్టోరేజీ నుంచి రావాలి సార్" అంటారు, ఆ స్టోరేజీ చెన్నైలో ఉందని ఒకాయన, ముంబైలో ఉందని ఇంకొకాయన, ఫోన్ చేస్తే టికెట్ నంబర్ ఇచ్చి పెట్టేస్తారు, రెండు రోజులకి ఆ టికెట్ క్లోజ్డ్ అని మెసేజ్ వస్తుంది.

పోయిన వారం సెలవు పెట్టి బ్రాంచికి పోయి కొంచెం గట్టిగానే అడిగాను, కేసు వేస్తా అన్నాను. ఆ మేనేజర్ నవ్వుతూ అగ్రిమెంట్ కాపీ తీసి చివరి పేజీల్లో ఓ లైన్ చూపించాడు, ఈ ఒప్పందానికి సంబంధించిన వివాదాలన్నీ ముంబై కోర్టుల పరిధిలోనే అని ఉంది, కింద మా ఇద్దరి సంతకాలు. "వేసుకోండి సార్, ముంబైలో" అన్నాడు. ఇంటికొచ్చి నెట్‌లో వెతికితే నిజంగానే పట్నా హైకోర్టు ఓ ప్రైవేట్ బ్యాంకు కేసులో అట్లనే చెప్పిందని, సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖాయం చేసిందని కనిపించింది. మరి మాలాంటి వాళ్ళు డాక్యుమెంట్ల కోసం ముంబైలో లాయర్‌ని పెట్టుకోవాలా? బాపుకి ఇప్పటికే బీపీ, ఆ కాగితాలు ఎక్కడన్నా పోయినయేమో అని రాత్రుళ్ళు నిద్రపోతలేడు. తెలిసినవాళ్ళు చెప్పండి.

సింపుల్_సత్యం:

సంతకం పెట్టేముందు చదువుకోవాలి బ్రదర్. పెట్టాక ముంబై అంటే ముంబైనే. సుప్రీంకోర్టే చెప్పాక ఇంకేం చేస్తారు. ఎవరైనా పెద్దమనిషితో బ్యాంకుకి ఫోన్ చేయించుకోండి, అదొక్కటే దారి.

అడ్వకేట్_హనుమకొండ:

సత్యం గారూ, అంత తొందరగా తీర్పు ఇచ్చేయకండి, మాకు పని ఉండనీయండి కొంచెం :)

శ్రీను గారూ, మీకు కనిపించిన తీర్పు నిజమే కానీ అది మీ కేసు కాదు. అది హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకుకీ అందులో పనిచేసిన ఉద్యోగులకీ మధ్య గొడవ. ఒకరు పట్నాలో, ఒకరు ఢిల్లీలో పనిచేసేవాళ్ళు, ఉద్యోగం తీసేస్తే ఎవరి ఊళ్ళో వాళ్ళు సివిల్ కోర్టులో దావా వేశారు, ఇద్దరి అపాయింట్‌మెంట్ కాగితాల్లోనూ ముంబై కోర్టులే అన్న షరతు ఉంది. పట్నా హైకోర్టు ఇక్కడ కుదరదు పొమ్మంది, ఢిల్లీ హైకోర్టు ఏమో ఇక్కడే నడవొచ్చు అంది. ఒకే బ్యాంకు, ఒకేలాంటి షరతు, రెండు హైకోర్టులు చెరో మాట. అందుకే రెండూ కలిపి సుప్రీంకోర్టు విన్నది, 2025 ఏప్రిల్ 8న పట్నా హైకోర్టు చెప్పిందే కరెక్ట్ అని, ప్లెయింట్లు (దావా పత్రాలు) ముంబైలో వేసుకోవాల్సిందే అని తేల్చింది.

ఇప్పుడు ఆ తీర్పులో మూడు మెట్లున్నాయి, అవి చూడకుండా హెడ్‌లైన్ ఒక్కటి చదివితే మీ మేనేజర్ లాగే అనుకుంటారు అందరూ. మొదటిది, ఆ షరతు వల్ల మనిషికి కోర్టుకే వెళ్ళే దారి లేకుండా పోకూడదు, కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 28 అడ్డొస్తుంది. రెండోది, షరతులో పేరు పెట్టిన కోర్టుకి చట్ట ప్రకారం ఆ కేసు వినే అధికారం ముందే ఉండాలి, లేని అధికారాన్ని ఇద్దరు కూర్చుని సంతకాలు పెట్టుకుని పుట్టించలేరు. మూడోది, మిగతా కోర్టులు వద్దు అన్న సంగతి షరతులో స్పష్టంగా గానీ, చదివితే తెలిసేట్టు గానీ ఉండాలి. ఆ ఉద్యోగుల విషయంలో ఉద్యోగంలోకి తీసుకున్న నిర్ణయం, అపాయింట్‌మెంట్ లెటర్, తీసేసిన లెటర్ అన్నీ ముంబై నుంచే వచ్చాయి కాబట్టి ముంబై కోర్టుకి అధికారం ఉంది అన్నారు. మూడు మెట్లూ ఎక్కేశాయి.

మీ లోన్ సంగతి చూద్దాం. అప్లికేషన్ అమీర్‌పేట్‌లో, సంతకాలు అమీర్‌పేట్‌లో, ఫ్లాట్ మియాపూర్‌లో, డాక్యుమెంట్లు మీరు ఇచ్చింది అమీర్‌పేట్‌లో, తిరిగి ఇవ్వాల్సిందీ అక్కడే. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 20 కింద ఓ వివరణ ఉంది, కంపెనీ మీద దావా అంటే హెడ్ ఆఫీసు ఉన్న చోట, కానీ వ్యాజ్యానికి కారణం పుట్టిన ఊళ్ళో ఆ కంపెనీకి బ్రాంచి ఉంటే ఆ బ్రాంచి ఉన్న చోట. దీని మీద 1991లో పటేల్ రోడ్‌వేస్ కేసు ఉంది, ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ వాళ్ళు రసీదు మీద బొంబాయి కోర్టులే అని అచ్చేసుకున్నారు, సరుకు బుక్ చేసింది తమిళనాడులో, కాలిపోయింది ఢిల్లీ గోడౌన్‌లో. బొంబాయిలో హెడ్ ఆఫీసు ఉన్నంత మాత్రాన బొంబాయి కోర్టుకి అధికారం రాదు, కారణం పుట్టిన చోట బ్రాంచి ఉంది కాబట్టి అక్కడే, మీ షరతు చెల్లదు అని సుప్రీంకోర్టు చెప్పింది. సో సివిల్ కోర్టులోనే వేసినా మీ బ్యాంకు ముంబై వాదన రెండో మెట్టు దగ్గర జారిపడే ఛాన్స్ బాగా ఉంది. బ్యాంకు వాళ్ళు లోన్ శాంక్షన్ ముంబైలో జరిగింది, డాక్యుమెంట్లు కూడా ముంబైలోనే ఉన్నాయి అని వాదిస్తారు, అది వేరే సంగతి, దాని మీదే ఏడాది గడిపేస్తారు.

అందుకే నేనైతే మిమ్మల్ని సివిల్ కోర్టుకే వెళ్ళొద్దంటాను. మీరు ఇల్లు కొనుక్కోడానికి లోన్ తీసుకున్న మామూలు కస్టమర్, కాబట్టి కన్స్యూమర్ కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34(2)(డి) చూడండి, ఫిర్యాదుదారు నివసించే చోట గానీ, సొంతంగా పనిచేసుకుని బతికే చోట గానీ ఉన్న జిల్లా కమిషన్‌లో వేయొచ్చు. అంటే కరీంనగర్‌లో. అగ్రిమెంట్‌లో ముంబై అన్నా, ఢిల్లీ అన్నా చట్టం మీకిచ్చిన ఆ హక్కుని కాగితం తీసేయలేదు. పాత 1986 చట్టంలో ఇది లేదు, బ్యాంకు గానీ ఇన్సూరెన్స్ కంపెనీ గానీ ఉన్న చోటో, కారణం పుట్టిన చోటో వేయాలి. అప్పట్లో ఓ కేసు ఉంది, సోనిక్ సర్జికల్ అని, అంబాలాలో గోడౌన్ తగలబడితే చండీగఢ్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ బ్రాంచి ఉంది కదా అని అక్కడ వేశారు, సుప్రీంకోర్టు 2009లో కుదరదంది. ఇలాంటి కష్టాలు చూసే కొత్త చట్టంలో ఇంటి దగ్గరే వేసుకునే వీలు పెట్టారు, 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది.

అగ్రిమెంట్‌లో ఆర్బిట్రేషన్ క్లాజు (గొడవని కోర్టు బయట మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలనే షరతు) కూడా ఉండి ఉంటుంది, మీ మేనేజర్ ఈసారి అది చూపిస్తాడు. దానికీ భయపడకండి, ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్ళొచ్చు అని ఎమార్ ఎంజీఎఫ్ కేసులో 2018లోనే తేలిపోయింది.

మూర్తి_రిటైర్డ్_బ్యాంకు:

లాయర్ గారు కోర్టుల సంగతి చెప్పారు, బాగుంది. నేను బ్యాంకులో ముప్పై ఏళ్ళ పైన పనిచేసి బయటికొచ్చిన వాణ్ణి, లోపల ఏం జరుగుతుందో చెప్తాను వినండి శ్రీను గారూ.

ముందు మీరు ఇంతవరకు ఒక్క కాగితం కూడా రాతపూర్వకంగా ఇచ్చినట్టు లేదు. ఫోను, టికెట్టు, కౌంటర్ దగ్గర గొడవ, ఇవేవీ లెక్కలోకి రావండి. బ్యాంకులో ఏదైనా కదలాలంటే కాగితం కావాలి, దాని మీద ఇన్‌వార్డ్ స్టాంపు పడాలి, అప్పుడు ఎవరో ఒకరు సమాధానం చెప్పాల్సి వస్తుంది. స్టాంపు వేయనంటే రిజిస్ట్రేషన్ పెట్టించి స్పీడ్ పోస్టులో పంపండి, అదే ఉత్తరాన్ని బ్యాంకు వెబ్‌సైటులో ఉండే నోడల్ ఆఫీసర్‌కి మెయిల్ చేయండి.

ఆ ఉత్తరంలో ఏం రాయాలంటే, ఆర్‌బీఐ 2023 సెప్టెంబర్ 13న ఓ ఆదేశం ఇచ్చింది. లోన్ పూర్తిగా కట్టేశాక 30 రోజుల్లోపు ఒరిజినల్ డాక్యుమెంట్లన్నీ తిరిగి ఇవ్వాలి, రిజిస్ట్రీల్లో పెట్టిన చార్జి (తాకట్టు నమోదు) తీసేయాలి. బ్యాంకు తప్పు వల్ల లేటయితే రోజుకి 5,000 రూపాయలు కస్టమర్‌కి కట్టాలి. అవునండీ, రోజుకి. 2023 డిసెంబర్ 1 నుంచి తిరిగి ఇవ్వాల్సిన కేసులన్నిటికీ వర్తిస్తుంది, మీది కచ్చితంగా వస్తుంది. లోన్ ఉన్న బ్రాంచిలో తీసుకుంటారా, డాక్యుమెంట్లు ఉన్న ఇంకో ఆఫీసులో తీసుకుంటారా అన్నది కూడా మీ ఇష్టం. లోన్ ఇచ్చేటప్పుడు శాంక్షన్ లెటర్‌లోనే డాక్యుమెంట్లు ఎక్కడ, ఎన్ని రోజుల్లో ఇస్తామో రాయమని కూడా అందులో ఉంది, మీ లెటర్ తీసి చూడండి, లోన్ ఆ తేదీకి ముందుదైతే ఉండకపోవచ్చు.

మీ నాన్నగారి భయం సంగతి, డాక్యుమెంట్లు పోయినా దారి ఉంది. పోగొట్టినా, పాడుచేసినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీలు తీయించే ఖర్చు బ్యాంకే పెట్టుకోవాలి, సాయం చేయాలి, దానికి వాళ్ళకి ఇంకో 30 రోజులు టైం ఇస్తారు, అంటే మొత్తం 60 రోజులు దాటాక రోజుకి 5,000 మీటర్ మొదలవుతుంది. పోయాయి అని బ్యాంకు లెటర్ మీద రాసి ఇవ్వమని అడగండి, చాలామంది ఇవ్వరు, ఎందుకంటే ఆ లెటర్ ఇచ్చిన రోజే ఎవరి మెడకో చుట్టుకుంటుంది. మా రోజుల్లో డాక్యుమెంట్లు బ్రాంచి స్ట్రాంగ్‌రూంలో ఉండేవి, తాళాలు ఇద్దరి దగ్గర ఉండేవి, రిజిస్టర్‌లో సంతకం లేకుండా కవర్ బయటికి వచ్చేది కాదు. ఇప్పుడు బయట ఏజెన్సీల గోడౌన్లలో బార్‌కోడ్ అంటించి పెడుతున్నారు, బార్‌కోడ్ తప్పు పడితే ఆ కవర్ దొరకదు, చాలా "లేటు"ల వెనక కథ ఇదే.

ఇంకో మాట, మీ ఫ్లాట్ మీద ఈసీ (ఆస్తి మీద ఏ తాకట్లు, లావాదేవీలు ఉన్నాయో చూపించే సర్టిఫికెట్) తీయించి చూడండి. ఎంఓడీటీ (డాక్యుమెంట్లు బ్యాంకులో తాకట్టు పెట్టినట్టు రాసే పత్రం) రిజిస్టర్ చేసి ఉంటే అది ఇంకా అలాగే కనిపిస్తుంటుంది, దాన్ని రద్దు చేయించడం కూడా బ్యాంకు పనే, ఉత్తరంలో అదీ అడగండి. రేపు ఫ్లాట్ అమ్మాలనుకున్నప్పుడు కొనేవాడు ముందు చూసేది ఈసీనే.

కరీంనగర్_శ్రీను:

మూర్తి సార్, రోజుకి 5,000 అన్నది నిజమా?? ఈ ముక్క ఆ మేనేజర్ ఒక్కసారి కూడా చెప్పలేదు. ఈసీ రేపే తీయిస్తా. కానీ కన్స్యూమర్ కమిషన్ కంటే ముందు ఆర్‌బీఐకి కంప్లైంట్ ఇవ్వాలా, డైరెక్ట్‌గా కేసే వేయాలా, రెండూ ఒకేసారి వేయొచ్చా?

మూర్తి_రిటైర్డ్_బ్యాంకు:

రెండూ ఒకేసారి వద్దు. అదే విషయం కోర్టులోనో కమిషన్‌లోనో నడుస్తుంటే అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అధికారి) తీసుకోరు. ముందు బ్యాంకుకి రాతలో ఇవ్వండి, 30 రోజులు ఆగండి, జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్‌లో వేయండి, పైసా ఖర్చు లేదు, లాయర్ అక్కర్లేదు, అసలు లాయర్ ద్వారా వేస్తే తీసుకోరు కూడా. వివరాలకి 14448 నంబర్ ఉంది. మీ అసలు ప్రశ్న ఉంది చూడండి, ఎక్కడ వేయాలి అని, అక్కడ ఆ ప్రశ్నే లేదు. ఇదివరకు బ్యాంకు ఏ ఊళ్ళో ఉంటే ఆ ప్రాంతం అంబుడ్స్‌మన్‌కి వెళ్ళాలి, 2021 నవంబర్‌లో తెచ్చిన స్కీముతో దేశం మొత్తానికి ఒకటే చేశారు, కరీంనగర్‌లో కూర్చుని వేసినా, అమెరికాలో కూర్చుని వేసినా అదే పోర్టల్. కాగితం మీద పంపాలంటే చండీగఢ్‌లోని సెంటర్‌కి పంపాలి.

సుజాత_బెజవాడ:

ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయాను. ఆ ఉద్యోగుల తీర్పు శ్రీను గారికి వర్తించదు సరే, మాలాంటి వాళ్ళకి వర్తిస్తుందిగా. నేనూ ఓ ప్రైవేట్ బ్యాంకులో సేల్స్‌లో చేసి బయటికి వచ్చినదాన్నే. ఆఫర్ లెటర్ వచ్చిన రోజు చదివేది జీతం ఎంత, పోస్టింగ్ ఎక్కడ అని, ఆఖరి పేజీలో ఏ కోర్టు అని ఎవరు చూస్తారండీ. చూసినా "ఈ లైన్ తీసేయండి సార్" అని హెచ్ఆర్‌ని అడిగితే ఆఫరే తీసేస్తారు. విజయవాడలో పనిచేసి, విజయవాడలో తీసేస్తే, నోటీసు పీరియడ్ డబ్బుల కోసం ముంబై వెళ్ళాలా, అక్కడ వాయిదాకి వెళ్ళిరావడానికే ఆ డబ్బులు అయిపోతాయి. రెండు పక్కలా బలం సమానంగా లేనప్పుడు ఒప్పందం ఒప్పందమే అనడం నాకైతే అన్యాయంగానే ఉంది. ఢిల్లీ హైకోర్టు చెప్పిందే మనుషులకి అర్థమయ్యే మాట.

అడ్వకేట్_హనుమకొండ:

సుజాత గారూ మీ కోపం అర్థమవుతుంది. బలవంతుడు, బలహీనుడు అన్న వాదన అక్కడా వచ్చింది, కోర్టు ఒప్పుకోలేదు, ఒప్పందం ఎవరితో అయినా ఒప్పందమే అంది. ప్రభుత్వ ఉద్యోగం వేరు, ప్రైవేట్ ఉద్యోగం పూర్తిగా కాంట్రాక్ట్ మీద నడిచేది అని తేడా కూడా చూపించింది. నాకు వ్యక్తిగతంగా ఆ భాగం నచ్చలేదు, ముంబై దాకా వెళ్ళలేక కేసు వదిలేసుకునేవాళ్ళే ఎక్కువ ఉంటారు. కానీ లా ఇప్పుడు అదే, క్లయింట్‌కి తియ్యటి మాటలు చెప్పి ఇక్కడ దావా వేయిస్తే రెండేళ్ళ తర్వాత ప్లెయింట్ వెనక్కి వస్తుంది. మీ లెటర్‌లో ఏ ఊరు ఉందో, ఆ ఊరి నుంచి నిజంగా ఏం జరిగిందో చూడాలి, అపాయింట్‌మెంట్, టెర్మినేషన్ రెండూ విజయవాడ ఆఫీసు నుంచే ఇచ్చి ఉంటే పటేల్ రోడ్‌వేస్ మాట మీకూ పనికొస్తుంది. ఇంకోటి, మీరు చేసిన పని లేబర్ చట్టాల లెక్కలో వర్కర్ (పాత చట్టంలో వర్క్‌మన్ అనేవారు) కిందకి వస్తుందా అన్నది ఎవరైనా లేబర్ లాయర్‌కి కాగితాలు చూపించి అడగండి, వస్తే ఆ దారి సివిల్ కోర్టు దారి కాదు.

మిల్లు_బాబాయి_తణుకు:

లాయరమ్మా మాదీ చెప్పండి. మాకు చిన్న రైస్ మిల్లు ఉందండి, ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతాలో ఇష్టం వచ్చినట్టు చార్జీలు వేశాడు బ్యాంకోడు, మాదీ కన్స్యూమర్ కోర్టులో ఇంటి దగ్గరే వేసేయొచ్చా? మా అగ్రిమెంట్లో చెన్నై ఉందండి.

అడ్వకేట్_హనుమకొండ:

బాబాయి గారూ, మీది కష్టం. వ్యాపారం కోసం తీసుకున్న బ్యాంకు సర్వీసు అయితే కన్స్యూమర్ అనిపించుకోవడం ఈమధ్య బాగా బిగుసుకుంది. 2022లో పంజాబ్ నేషనల్ బ్యాంకు కేసులో ఓ షేర్ బ్రోకర్ ఓవర్‌డ్రాఫ్ట్ విషయంలో ఆయన కన్స్యూమర్ కాదన్నారు. 2025 ఫిబ్రవరిలో ఇంకోటి, సినిమా పోస్ట్ ప్రొడక్షన్ కోసం సెంట్రల్ బ్యాంకులో 10 కోట్లు లోన్ తీసుకున్న యాడ్ కంపెనీ, సెటిల్‌మెంట్ అయ్యాక కూడా బ్యాంకు సిబిల్‌లో డిఫాల్టర్ అని చూపించింది అని గొడవ. జాతీయ కమిషన్ 75 లక్షలు ఇప్పించింది, సుప్రీంకోర్టు దగ్గరికి వచ్చేసరికి ఇది లాభం కోసం తీసుకున్న లోన్, మీరు కన్స్యూమర్ కాదు అని మొత్తం కొట్టేసింది. బ్యాంకు తప్పు చేసిందా లేదా అన్నది కాదు అక్కడ, తప్పు తలుపు తట్టారు అన్నది. సొంత బతుకుతెరువు కోసం సొంతంగా నడుపుకునే చిన్న పని అయితే చట్టంలో మినహాయింపు ఉంది, మీ మిల్లులో ఎంతమంది పనిచేస్తారు, టర్నోవర్ ఎంత అన్నదాన్ని బట్టి ఉంటుంది.

అది కుదరకపోతే సివిల్ కోర్టే. అక్కడ మీ చెన్నై షరతు సీరియస్‌గా చూడాలి, మూడు మెట్ల లెక్క అప్పుడు మీకు వస్తుంది. "మాత్రమే" అని రాసి లేదు కదా అని ధీమాగా ఉండకండి, ఆ మాట లేకపోయినా ఒక ఊరి పేరు పెడితే మిగతావి వద్దన్నట్టే అని 2013లో స్వస్తిక్ గ్యాసెస్ కేసులో చెప్పారు. బ్యాంకులు మీ మీద రికవరీకి వెళ్ళేది డీఆర్‌టీకి (బ్యాంకు అప్పుల వసూలు ట్రిబ్యునల్) కాబట్టి మీరు కూడా డీఆర్‌టీకే వెళ్ళాలని ఎవరైనా చెప్తే నమ్మకండి, అప్పు తీసుకున్నవాడు బ్యాంకు మీద విడిగా వేసే దావా సివిల్ కోర్టులో నడుస్తుంది, దాన్ని బలవంతంగా డీఆర్‌టీకి మార్చే అధికారం లేదు అని 2022 నవంబర్‌లో బ్యాంక్ ఆఫ్ రాజస్థాన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

కొత్తోడు_77:

మేడం మా మామయ్య ఇంటికి వేలం నోటీసు అంటించారు, సర్ఫేసీ అంట. మాది విజయనగరం, లోన్ వైజాగ్ బ్రాంచి, వాళ్ళ హెడ్ ఆఫీస్ ఢిల్లీ. ఎక్కడికెళ్ళాలి? సివిల్ కోర్టులో స్టే తెచ్చుకోమని ఊళ్ళో ఒకాయన చెప్పాడు.

అడ్వకేట్_హనుమకొండ:

ఆ ఊళ్ళో ఆయన మాట వినకండి, సర్ఫేసీ (కోర్టుకి వెళ్ళకుండానే బ్యాంకు తాకట్టు ఆస్తిని అమ్ముకునే చట్టం) చర్యల మీద సివిల్ కోర్టు చేయి పెట్టలేదు, సెక్షన్ 34లోనే నిషేధం ఉంది. సెక్షన్ 17 కింద డీఆర్‌టీకి వెళ్ళాలి, చర్య తీసుకున్న తేదీ నుంచి 45 రోజులే టైం, ఇక్కడ టైప్ చేస్తూ కూర్చోకుండా కాగితాలు పట్టుకుని ఈ వారమే లాయర్ దగ్గరికి వెళ్ళండి. ఏ డీఆర్‌టీ అన్నదాని మీద ఇదివరకు తగాదాలు ఉండేవి, 2016 సవరణలో తేల్చేశారు, కారణం పుట్టిన చోటు, తాకట్టు ఆస్తి ఉన్న చోటు, లోన్ ఖాతా ఉన్న బ్రాంచి చోటు, మూడిట్లో ఏదైనా సరే. మీకు విశాఖపట్నం డీఆర్‌టీ. ఢిల్లీ ఊసే లేదు.

డాలస్_వెంకట్:

మంచి థ్రెడ్, సేవ్ చేసుకున్నాను. మా ఎన్‌ఆర్‌ఈ (విదేశాల్లో ఉండేవాళ్ళ ఖాతా) డిపాజిట్ మెచ్యూర్ అయ్యాక గుంటూరు బ్రాంచి వాళ్ళు నడిపిస్తున్న కథ వేరే పోస్టు పెట్టాలి. నా డౌట్ ఒక్కటే, నేను ఉండేది టెక్సస్‌లో కదా, "నివసించే చోట" అంటే నాకు ఇండియాలో ఏ కమిషన్?

అడ్వకేట్_హనుమకొండ:

వెంకట్ గారూ, మీకు (డి) పనికిరాదు, అదే సెక్షన్‌లో మిగతావి పనికొస్తాయి, ఖాతా ఉన్న బ్రాంచి గుంటూరులో, డబ్బు ఇవ్వాల్సింది గుంటూరులో, కాబట్టి గుంటూరు. ఫైలింగ్ ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో చేయొచ్చు, విచారణకి వీడియో కాన్ఫరెన్స్ కావాలని అడిగే వీలు కూడా చట్టంలో ఉంది. ఇక్కడ అమ్మానాన్నల్లో ఎవరికైనా జీపీఏ (మీ తరఫున పనులు చేసే అధికార పత్రం) ఇస్తే ఇంకా సులువు, అక్కడ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపండి, ఇండియాకి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు వేయించుకోవాలి, చాలామంది ఇది మర్చిపోయి తర్వాత తిప్పలు పడతారు.

కరీంనగర్_శ్రీను:

అప్‌డేట్: మూర్తి సార్ చెప్పినట్టు ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపాను, నోడల్ ఆఫీసర్‌కి మెయిల్ కూడా కొట్టాను, ఆర్‌బీఐ ఆదేశం తేదీ, రోజుకి 5,000 సంగతి బోల్డ్‌లో పెట్టాను. మూడో రోజే బ్రాంచి నుంచి ఫోన్, "సార్ ట్రేస్ చేస్తున్నాం, మీరు పైకి రాయకుండా ఉండాల్సింది" అని, ఈసారి గొంతులో నవ్వు లేదు :) ఈసీ తీశాను, సార్ అన్నట్టే ఎంఓడీటీ ఇంకా అట్లనే ఉంది.

మేడం ఇంకో డౌట్. 30 రోజులు ఆగి, అంబుడ్స్‌మన్ కూడా అయ్యాక కూడా పని కాకపోతే కరీంనగర్ కమిషన్‌లో వేస్తాను. కానీ నా ఆధార్, ఓటర్ కార్డు ఇంకా మియాపూర్ అడ్రసే, మార్చుకోలేదు. బాపు ఆధార్ మాత్రం ఊరిదే, కరీంనగర్ జిల్లా. బ్యాంకు లాయర్ దీన్ని పట్టుకుంటాడా?

అడ్వకేట్_హనుమకొండ:

పట్టుకుంటాడు, మొదటి వాయిదాకే పట్టుకుంటాడు, అదే వాళ్ళ మొదటి పేరా అవుతుంది. అందుకే మీ ఇద్దరి పేర్లతో వేయండి, బాపు గారిది మొదటి ఫిర్యాదుదారుగా పెట్టండి, ఆయన కాగితాలు ఎలాగూ అక్కడివే. మీ వైపు నుంచి ఇంటి అద్దె అగ్రిమెంట్, ఆఫీసు నుంచి పనిచేస్తున్నట్టు సర్టిఫికెట్, పిల్లల స్కూల్ ఫీజు రసీదు ఇలాంటివి జతచేయండి, నివాసం ఒక్కటే కాదు, పనిచేసుకుని బతికే చోటు అన్నా సరిపోతుంది కాబట్టి ఆఫీసు సర్టిఫికెట్ బాగా పనికొస్తుంది. ఫిర్యాదులో ఒక పేరా జ్యూరిస్డిక్షన్ (ఈ కేసు వినే అధికారం ఈ కమిషన్‌కి ఎందుకుందో) మీదే పెట్టి సెక్షన్ నంబర్‌తో సహా రాయండి, ముంబై షరతు గురించి వాళ్ళు చెప్పేదాకా ఆగకుండా మీరే ముందు రాసేయండి.

అన్నట్టు, బ్యాంకుకి నోటీసు అందాక జవాబు వేయడానికి 30 రోజులు, కమిషన్ ఇష్టపడి ఇస్తే ఇంకో 15, అంతే, 45 దాటితే కమిషన్ కూడా పెంచలేదు, 2020లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన మాట. హెడ్ ఆఫీసు ముంబైలో ఉంటే ఫైలు అటు ఇటు తిరిగేసరికి ఆ గడువు వాళ్ళకే ఇరుకు అవుతుంది, కాబట్టి ఫిర్యాదులో అమీర్‌పేట్ బ్రాంచినీ, ముంబై ఆఫీసునీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి, నోటీసు అందిన తేదీ ట్రాకింగ్ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకోండి. మొత్తం కేసు వేయడానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళు టైం, అది మాత్రం అంబుడ్స్‌మన్ పేరుతో కరిగిపోకుండా చూసుకోండి. ముందు వెళ్ళి ఆ ఆధార్ అడ్రస్ మార్చుకోండి మహాప్రభో.